మరాంట్జ్ 2230 రివ్యూ: అమెరికా రిసీవర్, సికింద్రాబాద్ కరెంటు, మధ్యలో హమ్

రిసీవర్‌కి, అంటే రేడియో, యాంప్లిఫయర్ కలిసున్న సెట్టుకి, ఐదుకి నాలుగున్నర. టర్న్‌టేబుల్‌కి నాలుగు. రిసీవర్‌కి కరెంటు మార్చి ఇవ్వడానికి కొన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఒకటి. మొదట వచ్చి చూసిన మెకానిక్‌కి సున్నా వేద్దామనుకున్నాను గానీ, మనిషి మర్యాదస్తుడు, టీ తాగిన కప్పు తనే తీసుకెళ్ళి సింకులో పెట్టాడు కాబట్టి అర.

మా తమ్ముడు న్యూజెర్సీలో ఇల్లు ఖాళీ చేసి వచ్చేస్తూ, అక్కడ సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కున్న మరాంట్జ్ 2230 రిసీవర్‌ని కూడా సామానులో వేయించాడు. తీరా ఇక్కడ వాడి ఫ్లాట్‌లో దానికి చోటు లేదు. "అక్కా, నీ దగ్గరైతే దీనికి పని ఉంటుంది" అని తెచ్చి మా హాల్లో పెట్టాడు. పని ఉన్న మాట నిజమే. నేను పిల్లలకి కర్ణాటక సంగీతం చెబుతాను. నాన్నగారు కొన్న ఎల్పీలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. వాటి కోసమే ఆడియో టెక్నికా ఎల్పీ120ఎక్స్ టర్న్‌టేబుల్ అంతకుముందే కొనుక్కున్నాను. పాత రిసీవరూ కొత్త టర్న్‌టేబులూ కలిపితే ఏమవుతుందో చెప్పే రివ్యూ ఇది. సగం రివ్యూ హమ్ గురించే, అంటే స్పీకర్లలోంచి ఆగకుండా వచ్చే గుయ్‌మనే శబ్దం గురించే ఉంటుంది, ఎందుకంటే మొదట్లో మేం విన్నదాంట్లో సగం అదే.

ముందు మంచి మాటలు. 2230 అనేది 1970ల మొదట్లో వచ్చిన మోడల్. ఒక్కో చానల్‌కి 30 వాట్లు. ఇప్పుడు బ్లూటూత్ స్పీకర్ల అట్టపెట్టెల మీదే వందలూ వేలూ రాస్తున్నారు కాబట్టి 30 అంటే పిల్లలు నవ్వుతారు. మామూలు ఫ్లాట్‌లో హాలుకి అందులో సగం కూడా అక్కర్లేదు. ముందువైపు అల్యూమినియం ప్లేటు, ఆన్ చేస్తే నీలంగా వెలిగే డయలు. స్టేషన్ మార్చడానికి నాబ్ ఉండదు, వేలితో అడ్డంగా దొర్లించే బరువైన చక్రం ఉంటుంది. దాన్ని జైరో టచ్ అన్నారు వాళ్ళు. ఒక్క తోపు తోస్తే కొంతదూరం తనంతట తనే దొర్లుతుంది. మా చిన్న క్లాసు పిల్లలు దాన్ని ఓసారి దొర్లించందే సరళీ స్వరాలకి కూర్చోరు.

ఎఫ్ఎం బాగా పడుతుంది, కాకపోతే ఒక తేడా ఉంది. ప్రసారం చేసేటప్పుడు పై స్వరాలను కొంత పెంచి పంపుతారు, సెట్టు అంతే తగ్గించుకోవాలి. ఆ లెక్క అమెరికాలో 75 మైక్రోసెకన్లు, మన దేశంలో 50. ఇది 75 లెక్కన తగ్గించేస్తుంది కాబట్టి మన స్టేషన్లు పెడితే మృదంగం మీది చాపు పదును కాస్త మొద్దుబారినట్టు అనిపిస్తుంది. ట్రెబుల్ కొంచెం పెంచుకుంటే సరిపోతుంది. దీని గురించి మార్కులు తగ్గించలేదు. అర మార్కు తగ్గించింది వాల్యూమ్ నాబ్ గరగరకి. అది కంపెనీ తప్పేమీ కాదు, వయసు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పాక చాలావరకు పోయింది.

ఇక హమ్. సెలెక్టర్‌ని ఫోనోకి, అంటే టర్న్‌టేబుల్ గుచ్చిన చోటికి తిప్పి, సూది ఇంకా రికార్డు మీద పెట్టకముందే, వాల్యూమ్ సగం కూడా రాకముందే, రెండు స్పీకర్లలోంచీ "హుఁ" అని ఒకే స్వరం. వినగానే నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అది నా శృతి. నేను పాడేది ఐదు శృతిలో. నా షడ్జమం 196 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, దాన్ని రెండు స్థాయిలు పైకి తెస్తే 200. అంటే మా ఇంటి కరెంటు రెండు స్థాయిల కింద కూర్చుని నాతో పాటే ఐదు శృతి పలుకుతోంది, ఒక పిసరు ఎక్కువగా. కలిసీ కలవని ఆ పిసరే ప్రాణం తీసేది. న్యూజెర్సీలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ హమ్ ఉంటే ఆరున్నర శృతికీ ఏడుకీ మధ్యన ఎక్కడో పలకాలి. "అక్కడ ఇలాంటిదేమీ లేదక్కా, ఒట్టు" అంటాడు తమ్ముడు. మా ఆయన మాత్రం "తంబూరా వేరే ఎందుకు, దీంతోనే క్లాసు కానిచ్చేయ్" అని సలహా ఇచ్చారు.

ఫోను లాంటివి గుచ్చుకునే ఆక్స్‌లో ఫోను పెట్టి వింటే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఫోనోలోనే ఎందుకంటే, ఈ టర్న్‌టేబుల్‌తో వచ్చే కార్ట్రిడ్జ్, అంటే సూదిని పట్టి ఉండే ముక్క, ఇచ్చేది 4 మిల్లీవోల్టులు. ఫోను ఇచ్చేదాని ముందు అది ఏ మూలకీ రాదు. దాన్ని రిసీవర్ వంద రెట్లు పెంచాలి. పైగా 1954లో కుదిరిన ఆర్ఐఏఏ (అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం) లెక్క ఒకటుంది. గాడులు మరీ వెడల్పు కాకుండా రికార్డు కోసేటప్పుడు కింది స్వరాలు తగ్గిస్తారు, వినేటప్పుడు రిసీవర్ వాటిని తిరిగి పెంచుతుంది. ఆ పెంచడంలో 50 హెర్ట్జ్ దగ్గర ఏది దొరికినా, మధ్య స్వరాలతో పోలిస్తే ఏడు రెట్లు పెద్దదైపోతుంది. అది మంద్రస్థాయి మృదంగమా, గోడలోంచి వచ్చిన కరెంటా అని దానికి తేడా తెలియదు.

మొదటి మెకానిక్‌ని ఎవరో చెబితే పిలిపించాం. వస్తూనే మూత విప్పాడు. టార్చి వేసి ఒక నిమిషం చూసి, "మేడమ్, యాభై ఏళ్ళ సెట్టు. కెపాసిటర్లన్నీ పోయుంటాయి, ఫోనో బోర్డు కూడా పోయింది. షాపుకి పంపండి, మొత్తం కొత్తవి వేసేస్తా" అన్నాడు. పదకొండు వేలు చెప్పాడు. పాత సెట్లలో కెపాసిటర్లు ఎండిపోతాయన్న మాట అబద్ధం కాదు. కానీ పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్లు పోతే వచ్చే శబ్దం వేరు. లోపల కరెంటుని ఏసీ నుంచి డీసీకి మార్చేటప్పుడు రెండు అరలూ కలిసి 100 హెర్ట్జ్ అవుతుంది, నున్నగా కాకుండా గరుకుగా "జుర్ర్" అంటుంది, పైగా ఫోనోలోనే కాదు, ఆక్స్‌లోనూ వినిపిస్తుంది. మాకు ఆక్స్ శుభ్రంగా ఉంది. అతను సెట్టుని ఆన్ చేసి ఒక్కసారి కూడా వినలేదు, ఆ అర మార్కు కూడా ఎక్కువే అనిపిస్తోంది ఇప్పుడు.

రెండో ఆయన తమ్ముడి స్నేహితుడి ద్వారా దొరికారు. పెద్దాయన. వాల్వు రేడియోల కాలం నుంచీ ఇదే పని, ఇప్పుడు షాపు లేదు, ఇళ్ళకి వస్తారు. ఫోను ఎత్తరు, ఎత్తినా రేపంటే ఎల్లుండి వస్తారు. ఆ బాధ పడగలిగితే ఈయన సర్వీసుకి ఐదుకి ఐదు ఇస్తాను. తమ్ముడు స్క్రూడ్రైవర్ అందించబోతే "ఉండు బాబూ, దాని పని చివర్న. అమ్మా, ముందు నన్ను విననివ్వండి" అని సోఫాలో కాకుండా టర్న్‌టేబుల్ ముందు నేల మీద కూర్చున్నారు.

వాల్యూమ్ తగ్గించారు, హమ్ తగ్గింది. "అయితే వాల్యూమ్ కంట్రోలుకి ముందే ఎక్కడో పుడుతోంది. తగ్గించినా అలాగే ఉంటే పవర్ వైపు చూసేవాణ్ణి" అన్నారు. తర్వాత టర్న్‌టేబుల్ వెనక ఉన్న చిన్న స్విచ్‌ని ఫోనో నుంచి లైన్‌కి జరిపి, వైర్లు తీసి ఆక్స్‌లో గుచ్చారు. ఈ మోడల్‌లో సొంత ప్రీయాంప్ ఉంది. లైన్‌లో పెడితే పెంచే పని అదే చేసుకుంటుంది, రిసీవర్ ఫోనో బోర్డుతో సంబంధం ఉండదు. (లైన్‌లో పెట్టి ఫోనోలో గుచ్చితే రెండుసార్లు పెరిగి, పాట చిరిగిపోయినట్టు వస్తుంది. కొత్తగా కొన్నవాళ్ళు ముందు ఆ స్విచ్ చూసుకోండి.) హమ్ అలాగే ఉంది. ఫోనో బోర్డుని పూర్తిగా పక్కనపెట్టినా హమ్ తగ్గలేదంటే అది ఫోనో బోర్డులో పుట్టడం లేదు. పదకొండు వేలు అక్కడ మిగిలాయి.

అప్పుడు చేసిన పని నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. స్విచ్‌నీ వైర్లనీ మళ్ళీ ఫోనోకి మార్చి, టర్న్‌టేబుల్ అడాప్టర్ గోడ దగ్గర పీకేశారు. ప్లాటర్, అంటే రికార్డు తిరిగే పళ్ళెం, ఆగిపోయింది, హమ్ మాత్రం అలాగే ఉంది, అంటే మోటారు కాదు. సూదికి తొడుగు పెట్టి, ఆర్మ్‌ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, ప్లాటర్ అంచు నుంచి మధ్యకి మెల్లగా జరిపారు. అంచు దగ్గర సన్నగా ఉన్న హమ్, లేబుల్ వైపు జరుగుతున్నకొద్దీ గమకం లేకుండా సాగదీసిన కార్వైలా పెరిగింది. వెనక్కి తెస్తే తగ్గింది. మళ్ళీ జరిపితే మళ్ళీ పెరిగింది. ఆయన వంగి స్టాండు కింది అరలోకి చూశారు. సరిగ్గా ప్లాటర్ మధ్యభాగానికి కిందుగా ఉంది స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. మా తమ్ముడు ముచ్చటపడి అన్నీ ఒకే స్టాండులో సర్దాడు, వైర్లు బయటికి కనబడకూడదని.

"ఇది తీసి పట్టుకో బాబూ" అన్నారు. తమ్ముడు దాన్ని అరలోంచి తీసి, వైరు సాగినంత మేర ఒక్కో అడుగు వెనక్కి వేశాడు. అడుగు అడుగుకీ హమ్ చచ్చిపోతూ వచ్చింది. కిటికీ దగ్గరికి చేరేసరికి ఆ "హుఁ" లేదు. కార్ట్రిడ్జ్ లోపల ఉండేది సన్నటి తీగ చుట్టలే. పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాని అయస్కాంత క్షేత్రం ఆ చుట్టల్లో నేరుగా కరెంటు పుట్టిస్తుంది. ఫోనోలో పెట్టినా లైన్‌లో పెట్టినా, ఎర్త్ ఎంత బాగా బిగించినా ఈ రకం పోదు. దూరం ఒక్కటే మందు. దూరం రెట్టింపు చేస్తే ఆ ప్రభావం దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. న్యూజెర్సీలో వాడికి హమ్ లేదన్న మాట నిజమే మరి, అక్కడ 120 వోల్టులు గోడలోంచే వస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ అవసరమే లేదు.

అయినా పూర్తి నిశ్శబ్దం రాలేదు. అడుగున ఇంకో శబ్దం మిగిలింది, పలచగా, గరుగ్గా, "జుయ్" అని. ఆయన ఆర్మ్ మీద లోహం ఉన్నచోట వేలు పెట్టారు, కాస్త తగ్గింది. ముట్టుకుంటే తగ్గిందంటే గ్రౌండ్ సరిగా లేదని అర్థం. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్న గ్రౌండ్ వైరు రిసీవర్ వెనక జీఎన్‌డీ అని రాసున్న స్క్రూకి బిగించే ఉంది, కానీ ఆ స్క్రూ మీద యాభై ఏళ్ళ చిలుము. ఎమరీ పేపర్‌తో స్క్రూ కిందిభాగం, వైరు కొస మెరిసేదాకా రుద్ది బిగించారు. సగం పోయింది. మిగతా సగం టీవీది. సెట్‌టాప్ బాక్సు నుంచి మరాంట్జ్‌కి ఒక వైరు వేసుకున్నారు మా ఆయన, క్రికెట్ కామెంటరీ పెద్ద స్పీకర్లలో వినడానికి. కేబుల్ వైరు పై తొడుగు వీధిలో ఎక్కడో ఎర్త్ అయి ఉంటుంది, మన ఇంటి కరెంటు ఎర్త్ అయ్యేది ఇంకెక్కడో. రెండూ రిసీవర్ దగ్గర కలిస్తే ఆ చుట్టు చుట్టూ కరెంటు తిరుగుతుంది, అది పాటలోకి ఎక్కుతుంది. వైరు పీకేయగానే "జుయ్" కూడా ఆగిపోయింది. మధ్యలో ఆ చుట్టుని తెంపే ఐసొలేటర్ వేస్తే రెండూ ఉంచుకోవచ్చన్నారు. ఇంకా వేయలేదు. క్రికెట్ ప్రస్తుతం టీవీ స్పీకర్లలోనే వస్తోంది, ఆ విషయం మా ఇంట్లో ఎత్తకపోవడం మంచిది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. హమ్ పోవాలంటే ప్లగ్గులో మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేయమనో, దాని మీద టేపు చుట్టమనో సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలో ఒకరుంటారు. మాకు కూడా ఒకరు చెప్పారు. హమ్ పోవచ్చు, దాంతో పాటు మనిషీ పోవచ్చు. చుట్టుని విడగొట్టాలంటే సిగ్నల్ వైరు దగ్గర విడగొట్టాలి, ఎర్త్ జోలికి పోకూడదు. ఇలాంటి పాత అమెరికా సెట్లకి రెండు పిన్నులే ఉంటాయి కాబట్టి ఆ బాడీకి అసలు ఎర్తే ఉండదు. మా మరాంట్జ్ ముందు ప్లేటు మీద వేలు వెనక్కి తిప్పి రాస్తే చిర్రుమనేది. పెద్దాయన టెస్టర్ పెడితే బల్బు మసగ్గా వెలిగింది.

దానికి కారణం కూడా ఆ స్టెప్‌డౌన్ బాక్సే అని చెప్పారు. బజారులో చవగ్గా దొరికే వాటిలో చాలావరకు ఒకటే చుట్ట ఉంటుంది. మధ్యలోంచి ఒక వైరు లాగి 110 అంటారు. వోల్టేజీ తగ్గుతుంది గానీ, గోడ కరెంటుకీ సెట్టుకీ మధ్య అడ్డు ఉండదు. రెండు విడి చుట్టలున్నది కావాలి. మేం రాణిగంజ్‌లో చుట్టించుకున్నాం. గుండ్రటి టొరాయిడల్ రకం, 300 వీఏ. ఈ రకంలో అయస్కాంత క్షేత్రం బయటికి తక్కువ చిమ్ముతుంది, రేటు మాత్రం ఎక్కువే. మూడు పిన్నుల ప్లగ్గు వేయించి, ఎర్త్‌ని మరాంట్జ్ బాడీకి కూడా ఇప్పించారు ఆయన. ఇప్పుడు ప్లేటు చిర్రుమనడం లేదు.

చుట్టించేటప్పుడు 120 కాదు, 110 చెప్పమన్నారు. మరాంట్జ్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 60 హెర్ట్జ్ లెక్కన చేసింది. 50 మీద అదే 120 ఇస్తే దాని ఇనుము ఇరవై శాతం ఎక్కువ మోయాలి, వేడెక్కుతుంది, డబ్బాలోంచే గుర్రుమంటుంది. 110 ఇస్తే ఆ అదనం పది శాతానికి దిగుతుంది. అసలే మా ఏరియాలో రాత్రిళ్ళు 240 దాటుతుంది, అప్పుడు 110 చుట్ట కూడా 115 ఇస్తుంది. డబ్బా గుర్రుమనడం వేరు, స్పీకర్లో హమ్ వేరు అని కూడా గుర్తుపెట్టుకోండి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడు చెవిలో నిశ్శబ్దంగా ఉండి, తీస్తే గదిలో శబ్దం వస్తోందంటే అది ఇనుము ఊగుతున్న శబ్దం. దానికి వైర్లు మార్చి లాభం లేదు.

ఇంకో చిన్న సంగతి. అప్పుడప్పుడూ స్పీకర్లలో "టిర్ర్" అని సన్నగా వచ్చేది, ఒక్కోసారి అస్సలు ఉండేది కాదు. దోషి ఫ్యాను. మెత్తగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటుని సెకనుకి వందసార్లు కోసి పంపుతుంది. ఫ్యాను ఫుల్లులో పెట్టినా, పూర్తిగా ఆపినా శబ్దం పోయేది, రెండులోనో మూడులోనో పెడితే వచ్చేది. మెట్లు మెట్లుగా టక్‌టక్‌మని తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ వేయించాక ఆ గోలా లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు మాత్రం మరాంట్జ్ ఆపేస్తాను. మాది పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్, దాని మీద ఏ ట్రాన్స్‌ఫార్మరైనా ఏడుస్తుంది.

ఇన్ని చేసి పెద్దాయన తీసుకున్నది ఆరువందలు. మూత విప్పనేలేదు. "కెపాసిటర్లు?" అని అడిగాను. "ఎండితే చెబుతాయమ్మా, ఆక్స్‌లో కూడా జుర్రంటుంది. అప్పుడు పిలవండి" అన్నారు.

ఇప్పుడు ఎలా ఉందంటే, నాన్నగారి బాలమురళి రికార్డు పెట్టి వాల్యూమ్ సగానికి తిప్పినా, పాట మొదలయ్యే ముందు వినబడేది గాడి చిటపట ఒక్కటే. టర్న్‌టేబుల్ సొంత ప్రీయాంప్ కన్నా మరాంట్జ్ ఫోనోలోనే గాత్రం నాకు నిండుగా అనిపిస్తుంది, మంద్రంలో "మ" దగ్గర గొంతు ఒరిపిడి తెలుస్తుంది. పిల్లలకి తేడా తెలియదంటారు, నాకు తెలుస్తుంది, అది చాలు. వాల్యూమ్ మూడు వంతులు దాటిస్తే సన్నటి "స్స్" ఉంది, ఆ పాటి ఏ ఫోనో స్టేజికైనా ఉంటుంది. టర్న్‌టేబుల్‌కి ఒక మార్కు తగ్గించింది యూఎస్‌బీ వైరు గురించి. దాని అవసరం నాకు ఎప్పుడూ పడలేదు, డబ్బు మాత్రం పడింది.

తమ్ముడి సామానులో ఒక పాత అమెరికా బెల్ట్ టర్న్‌టేబుల్ కూడా వచ్చింది. దాన్ని ఈ రిసీవర్‌కి పెడదామని చూశాం. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు కదా. దాని మోటారు కరెంటు ఊపుకి కట్టుబడి తిరిగేది, అందుకని ఇక్కడ నిమిషానికి 33 బదులు 28 చుట్లు కూడా తిరగడం లేదు. ఐదు శృతి కచేరీ మూడు శృతిలో, అంతకన్నా పిసరు కిందుగా వస్తోంది. మోటారు పుల్లీ ఇరవై శాతం లావుగా ఉంటే స్పీడు సరిపోతుంది. సికింద్రాబాద్‌లో అంత చిన్న ఇత్తడి ముక్కని లేత్ మీద ఖచ్చితంగా తిప్పి ఇచ్చేవాళ్ళు తెలిస్తే చెప్పండి.